అద్దంలా మెరిసిన రాడ్డు

ఆయిల్ సీళ్ళను పరీక్షించే ల్యాబ్‌లో మెషీన్ ఇంకా నడుస్తూనే ఉంది. చేతి మందాన ఉన్న ఉక్కు రాడ్డు సిలిండర్‌లోంచి బయటికి వస్తోంది, లోపలికి పోతోంది. దాని ఎదురుగా స్టూలు మీద కూర్చున్న టెస్టింగ్ ఇంజినీరు మాత్రం కదలడం లేదు. కప్పులో కాఫీ ఒళ్ళోకి ఒలికి ఎప్పుడో చల్లారిపోయింది. మెడ వెనక, కాలరుకి కాస్త పైన, ఎర్రగా ఒక చిన్న చుక్క ఉంది.

"దోమ కుట్టిందనుకున్నారట ముందు," అన్నాడు పెద్దాయన, ల్యాబ్‌లో తీసిన ఫోటోని బల్ల మీద ముందుకి తోస్తూ. "సూది. దాని కొనన విషం. చనిపోయే ముందు నాకు ఫోన్ చేశాడు. హార్బర్ గేటు సీలు ఎవరో మార్చేశారు సార్, లోపలున్నది మా సీలు కాదు, వివరాలు మళ్ళీ చెప్తా అన్నాడు."

"చెప్పాడా?"

"ఫోటో చూస్తున్నావుగా."

పాదరసం ఫోటోని తిరగేసి పెట్టాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఆ పేరు పెట్టింది పెద్దాయనే. ఏ సందులోనైనా దూరిపోతాడనీ, శత్రువు చేతికి చిక్కడనీ కొత్తగా చేరినవాళ్ళు అనుకుంటారు. ఏ పని మీదా కుదురుగా నిలవడని పెద్దాయన ఉద్దేశం.

"ఒక రబ్బరు రింగు కోసం మనిషిని చంపారా?"

"రబ్బరు రింగే. విను." పెద్దాయన లేచి గోడ మీది మ్యాపు దగ్గరికి వెళ్ళాడు. "లోపలి రేవు మూతికి అడ్డంగా ఇనుప గేటు ఉంది. పైకి లేస్తుంది, కిందకి దిగుతుంది. దాన్ని లేపేది పైన టవర్లో ఉన్న ఒకే ఒక్క హైడ్రాలిక్ సిలిండర్. సిలిండర్‌లోంచి కిందకి దిగిన రాడ్డుకి గేటు వేలాడుతుంది. రాడ్డు సిలిండర్‌లోకి దూరే చోట నీ రబ్బరు రింగు ఉంటుంది. లోపలి నూనె బయటికి తన్నుకు రాకుండా ఆపేది అదే. అది చిరిగితే ప్రెషర్ పోతుంది, గేటు పడుతుంది."

"గేటు బరువెంత?"

"కిందున్నవాళ్ళకి ఆ లెక్కతో పని ఉండదు."

రేపు పొద్దున ఆ గేటు కింద నుంచే ఒక లాంచీ వెళ్ళాలి. అందులో సరిహద్దు అవతలి దేశాధినేత ఉంటాడు. ఇన్నేళ్ళ కాల్పుల తర్వాత లోపలి రేవులో నిలిచిన ఓడ మీద శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వస్తున్నాడు. రెండు పక్షాలకీ తుపాకులు అమ్ముకుని బతికే ముఠా ఒకటి ఆ సంతకం పడకూడదని కంకణం కట్టుకుంది. బాంబు పేలితే ఎవరు పెట్టారో వెతుకుతారు. గేటు పడితే, వీళ్ళకి మెషీన్లు చూసుకోవడం కూడా చేతకాదని నవ్వి, మర్నాటి నుంచి యుద్ధం మొదలుపెడతారు.

"ప్రోగ్రాం ఆపెయ్యండి సార్."

"రుజువేది? పిలిచి అవమానించామంటారు. ఆ ముఠాకి కావలసింది కూడా అదే."

"సీలు మార్చెయ్యండి."

"గేటు ఊడదీసి సిలిండర్ విప్పాలి. వారం పని. గేటు రిపేరుకి విప్పినప్పుడు వాళ్ళు మార్చేశారు, మనకి ఆ టైం లేదు."

పాదరసం మ్యాపులో రేవు మూతి మీద వేలు పెట్టాడు. అడగాలనిపించని ప్రశ్న ఒకటి అతని నోట్లోనే నానింది. చివరికి అడిగాడు. "లాంచీ నడిపేది ఎవరు?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "మీ అక్క."

అమ్మ పోయినప్పుడు పాదరసానికి షూ లేసు కట్టుకోవడం కూడా రాదు. అప్పటినుంచి అన్నం పెట్టిందీ, చదివించిందీ, వీపు విమానం మోత మోగించిందీ అక్కే. హార్బర్లో ఓడలు నడిపే పైలట్‌గా చేరిన మొదటి ఆడమనిషి ఆవిడ. తమ్ముడు ఊరూరా తిరిగి ఫ్లోర్ పాలిష్ అమ్ముతాడని ఆవిడ నమ్మకం. ఎప్పుడు ఇంటికెళ్ళినా, ఒరేయ్ చిన్నోడా, ఆ దిక్కుమాలిన పాలిష్ మానేసి ఏదైనా మర్యాదస్తుల ఉద్యోగం చూసుకోరా అని మొదలుపెడుతుంది.

"వేరే పైలట్‌ని పెట్టండి సార్. కాళ్ళు పట్టుకుంటా."

"పైలట్ మారితే మనకి తెలిసిపోయిందని వాళ్ళకి తెలుస్తుంది. ఇంకో దారి వెతుకుతారు, అది మనకి తెలీదు. ఆవిడకి ఒక్క మాట చేరవేసినా ఇద్దరూ జైల్లో ఉంటారు. నీ చేతిలో ఉన్నది ఈ ఒక్కరోజు." పెద్దాయన బటాణీ గింజంత రేడియో ఒకటి అతని అరచేతిలో పెట్టాడు. "చెవిలో పెట్టుకో. దీనికి జంట నెమలి అనే ఆవిడ దగ్గర ఉంది. ఆ సీలు డిజైన్ ఆవిడదే. మోడలింగ్ చేస్తుంది."

"ర్యాంప్ మీదా?"

"కంప్యూటర్ మీద. సీలు కింద నూనె ఎంత మందాన ఉంటుంది, ఎంత కారుతుంది, ఎప్పుడు చిరుగుతుంది, ముందే లెక్కగట్టి చెప్తుంది. ముఠాలో మనం పెట్టిన మనిషి."

"మన మనిషేగా?"

"మొన్నటిదాకా అనుకున్నాను," అన్నాడు పెద్దాయన.

*

రబ్బరు పరిశ్రమల ఎగ్జిబిషన్ హాల్లో కన్వేయర్ బెల్టుల స్టాలు ముందు నిలబడి ఉంది నెమలి. నీలం రంగు పట్టు గౌను, భుజాల దాకా వేలాడే చెవిరింగులు. చుట్టూ ఉన్న సేల్స్ మేనేజర్లు బెల్టుల గురించి మాట్లాడుతున్నట్టు నటిస్తున్నారు. పాదరసం గళ్ళ కోటు, పెట్టుడు మీసంతో పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

"హాల్లో ఏసీ మరీ ఎక్కువైంది."

"నాకు చెమట పోస్తోంది," అంది నెమలి తల తిప్పకుండా. అది కోడ్. ఇద్దరూ కాఫీ మెషీన్ వెనక్కి నడిచారు.

"గేటులో ఉన్న సీలు నీ డిజైనేనా?"

"నాదే."

"చంపాలనే చేశావా?"

"బతకాలని చేశా. కాదంటే ఆ ఇంజినీరు పక్కన నా ఫోటో కూడా ఉండేది." ఆవిడ మెషీన్‌లోంచి ఒక కప్పు కాఫీ నింపుకుంది. "టెస్టుల్లో పాసవ్వాలి, వాళ్ళు అనుకున్న రోజున చిరగాలి, అలాంటి సీలు కావాలన్నారు. ఇచ్చా. కానీ అది చిరగాలంటే జరగని పని ఒకటి జరగాలి. ఏ దేశంలో, ఏ గేటు దగ్గరా జరగదు. పేలని బాంబు చేసి చేతిలో పెట్టా. సంబరంగా తీసుకెళ్ళారు."

"నిజంగానా?"

నెమలి పేపర్ న్యాప్‌కిన్ మీద రెండు గీతలు గీసింది. "చూడు. సీలంటే అందరూ సీసా మూత అనుకుంటారు. మూత కాదు. రాడ్డు బయటికొచ్చేటప్పుడు లిప్ కింద ప్రెషర్ గ్రేడియెంట్—"

"మేడమ్, నాకు క్లాసు వద్దు. ఆ లాంచీ నడిపేది మా అక్క. ఒక్క ముక్కలో చెప్పు. గేటు పడుతుందా, పడదా?"

"పడదు. కానీ ఎందుకు పడదో కూడా—"

"పడదు కదా?"

"పడదు."

పాదరసం ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేసి, న్యాప్‌కిన్ అక్కడే వదిలేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. "పూర్తిగా వినవయ్యా!" అని ఆవిడ వెనక నుంచి అన్న మాట కూడా అతని చెవిన పడింది. ఆగి విని ఉంటే మన కథ ఆ కాఫీ మెషీన్ వెనకే అయిపోయేది. ప్రాణం మీదకి వచ్చినవాడికి తనకి కావలసిన మాట దొరికాక మిగతాది వినే ఓపిక ఉండదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్ చిన్నోడా, రేపు టీవీ చూడు. నేనూ కనిపిస్తా. కొత్త యూనిఫాం ఇచ్చారు, నడుం దగ్గర బిగుతుగా చచ్చింది."

"అక్కా..."

"ఏంట్రా, గొంతలా ఉంది? తిన్నావా?"

"తిన్నా." అతనేమీ తినలేదు. "అక్కా, జాగ్రత్త."

"ముప్పొద్దులా నడిపే దారేరా అది. నువ్వు నాకు జాగ్రత్త చెప్పడమేంటి, విడ్డూరం కాకపోతే." నవ్వి పెట్టేసింది.

*

గేటు పడదని నెమలి చెప్పినా పెద్దాయన ఊరుకునే రకం కాదు. పాదరసాన్ని హార్బర్ క్లీనింగ్ టీమ్‌లో పెట్టించాడు. "పాలిష్ అమ్మేవాడివి కదా, తుడవడం రాదంటే ఎవరూ నమ్మరు," అన్నాడు. కాషాయం రంగు ఓవరాల్, మొహానికి మాస్కు, కొంచెం కుంటి నడక. పొద్దున్నే గేటు టవర్ కిందకి చేరేసరికి అక్కడ పెళ్ళివారిల్లులా హడావిడిగా ఉంది.

పెద్దవాళ్ళు వస్తున్నారంటే మనవాళ్ళ సంగతి తెలిసిందే. ఏళ్ళ తరబడి ఎవరూ చూడని మూలలకి కూడా ఆ ఒక్కరోజు రంగు పడుతుంది. రాళ్ళకి సున్నం కొట్టారు. గొలుసులకి వెండి రంగు వేశారు. పంపు గదిలో నూనె ట్రేలు కడిగి బోర్లించారు. గ్రీజు డబ్బాలు కంటికి ఆనకుండా లారీలో ఎక్కించి ఎక్కడికో పంపేశారు. గేటు దిగి ఉంది కాబట్టి రాడ్డు పూర్తిగా బయట వేలాడుతోంది, తాటిచెట్టంత పొడుగున. దాని మీద పల్చటి నూనె, నూనె మీద దుమ్ము.

"అబ్బ, చూడు ఎంత జిడ్డో!" క్లీనింగ్ మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూశాడు. "టీవీలో మొట్టమొదట కనిపించేది ఇదే. ఎవడ్రా కొత్తవాడు? ఎక్కు. థిన్నర్ పోసి తుడు. పొడిగుడ్డతో మళ్ళీ తుడు. అందులో నా మొహం నాకు కనపడాలి."

తాడు ఉయ్యాలలో కూర్చుని పాదరసం పై నుంచి కిందకి తుడుచుకుంటూ వచ్చాడు. కళ్ళు మాత్రం జనం మీద ఉన్నాయి. ఎవడు గేటు దగ్గరికి వస్తున్నాడు, ఎవడు కంట్రోల్ రూమ్ కేసి చూస్తున్నాడు. అనుమానించదగ్గ మనిషి ఒక్కడూ కనబడలేదు. విదేశీ టీవీ కెమెరామ్యాన్ ఒకడు మాత్రం కింద నుంచి చెయ్యి ఊపి, వచ్చీరాని భాషలో పలకరించాడు.

"అన్నా! పైన ఇంకా మరక ఉంది. సిలిండర్ మూతి దగ్గర. అక్కడ కూడా తుడవాలి. కెమెరాకి బాగుంటుంది."

ఉన్న మరక చూపించిన మనిషిని ఏమంటాం? పాదరసం మళ్ళీ పైకి వెళ్ళి, రాడ్డు సిలిండర్‌లోకి దూరే చోట వేలితో గుడ్డ నొక్కి, చుట్టూ నూనె ఆనవాలు లేకుండా తుడిచాడు. కెమెరామ్యాన్ బొటనవేలు ఎత్తి మెచ్చుకున్నాడు. మేస్త్రీ అయితే రాడ్డులో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

బ్యాండు మొదలైంది. సముద్రం పోటు మీద ఉంది. దూరంగా తెల్ల లాంచీ కనబడింది. గేటు లేస్తుండగానే దాని కింద నుంచి లాంచీ వస్తే దృశ్యం అదిరిపోతుందని టీవీవాళ్ళు కోరారట, ప్రోటోకాల్ వాళ్ళు సరేనన్నారట. పైన పంపు గర్జించింది. రాడ్డు మెల్లగా సిలిండర్‌లోకి పోవడం మొదలైంది, గేటు నీళ్ళు కారుస్తూ లేచింది.

అప్పుడు అతని చెవిలో నెమలి గొంతు పలికింది. "పాదరసం. ఆ రాడ్డు ఎందుకలా మెరుస్తోంది?"

"ఎక్కడున్నావ్?"

"లాంచీలో. ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్ళమని ముఠావాళ్ళే పంపారు. అడిగింది చెప్పు. రాడ్డు ఎవరు తుడిచారు?"

"నేనే."

"నీళ్ళతోనా?"

"థిన్నర్‌తో."

"చంపేశావు," అంది నెమలి. "రాడ్డు బయటికొచ్చేటప్పుడు కంటికి కనపడనంత పల్చగా నూనె పూసుకుని వస్తుంది. లోపలికెళ్ళేటప్పుడు ఆ నూనె మీదే సీలు పెదవి జారుతుంది. అది లేకపోతే పొడి ఉక్కు మీద పొడి రబ్బరు. నేనిచ్చిన సీలు పొడి రాడ్డు మీద ఒక్కసారి కూడా తట్టుకోదు. పనిచేసే రాడ్డు పొడిగా ఎక్కడుంటుంది అనుకున్నా. దాన్ని పనిగట్టుకుని ఎవరు తుడుస్తారయ్యా?"

"పెద్దవాళ్ళొస్తే తుడుస్తాం."

"నా మోడల్లో పెద్దవాళ్ళు లేరు!"

ఆ ముఠా మోడల్లో ఉన్నారు. మనవాళ్ళ అలవాటు వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. పైన ఇంకా మరక ఉందన్న ఆ కెమెరామ్యాన్ గొంతు పాదరసానికి గుర్తొచ్చింది. తన చేత్తోనే చేశాడు. తన అక్క నెత్తి మీద గేటు తనే వేలాడదీశాడు.

"కంట్రోల్ రూమ్‌కి చెప్పి ఆపిస్తా!"

"ఆపకు! లాంచీ ముందు భాగం అప్పుడే గేటు కిందకి వచ్చేసింది. పోటు వెనక నుంచి తోస్తోంది, వెనక్కి పోలేం. ఇంత ఎత్తులో ఆగితే మా పైగది గేటుకి గుద్దుకుంటుంది. దింపితే మా మీదే దిగుతుంది. లేవాలి. పూర్తిగా లేవాలి. నూనె పుయ్యి! సిలిండర్ మూతి కింద, రాడ్డు చుట్టూ, ఇప్పుడే!"

పాదరసం కుంటి నడక మర్చిపోయి నిచ్చెన కేసి పరుగెత్తాడు. మేస్త్రీ వెనక నుంచి, "ఒరేయ్, ఎవడ్రా నిన్ను పైకెళ్ళమంది, టీవీలో పడతావు!" అని అరుస్తూనే ఉన్నాడు. టవర్ పైన సిలిండర్ పక్కనున్న ఇనుప ప్లాట్‌ఫామ్ మీదకి చేరేసరికి బ్యాండు మోతలో కింద ఎవరికీ వినబడని చప్పుడు ఒకటి అతనికి వినబడింది. సిలిండర్ మూతి దగ్గర రబ్బరు కీచుమంటోంది. రాడ్డు సాఫీగా పోవడం లేదు. పట్టేస్తోంది, జారుతోంది, మళ్ళీ పట్టేస్తోంది. పట్టేసిన ప్రతిసారీ కింద గేటు ఊగుతోంది.

పక్కనే ఉన్న పంపు గది తలుపు తన్నాడు. ట్రేలు బోర్లించి ఉన్నాయి, తళతళలాడుతూ. గ్రీజు డబ్బాలు పెట్టుకునే అరలో పూలకుండీలు పెట్టారు. పైపుల జాయింట్లు తుడిచారు, నేల తుడిచారు. మూల వేలాడే పాత గుడ్డని కూడా ఉతికి ఆరేశారు. ఆ గదిలో ఎక్కడా నూనె జాడ లేదు.

"నూనె లేదు," అన్నాడు. "నెమలీ, నూనె ఎక్కడా లేదు. అంతా కడిగేశాం."

"లేకపోతే నేను చెప్పేదింకేం లేదు," అంది నెమలి. తర్వాత చాలా మామూలుగా అంది. "మీ అక్క నా పక్కనే ఉంది. ఆవిడకేమైనా చెప్పాలా?"

పాదరసం మళ్ళీ రాడ్డు దగ్గరికొచ్చి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు, పట్టుకుంటే ఆగుతుందన్నట్టు. కళ్ళలో నీళ్ళు తిరిగి ఏమీ కనబడటం లేదు. అరచేతికి వెచ్చగా ఏదో తగిలింది.

నూనె. సీలు ఒక పక్క చిరిగింది. మూతి దగ్గర సన్నటి దారంలా నూనె కారడం మొదలైంది. ఇంకో క్షణం అయితే చిరుగు చుట్టూ పాకి ధారగా తన్నుకొస్తుంది. అయిపోయిందనుకున్నాడు. ఆ వెంటనే తన తడి అరచేతిని తనే చూసుకున్నాడు.

ఊళ్ళో ఎక్కడా లేని నూనె ఇక్కడే కారుతోంది!

ఓవరాల్ చొక్కా చింపుకుని రాడ్డు చుట్టూ చుట్టి, రెండు చేతులతో కౌగిలించుకున్నాడు. కారిన నూనెని కిందకి పోనివ్వకుండా గుడ్డతో పట్టి, చిరగని పక్కకి తిప్పి రుద్దాడు. మళ్ళీ పట్టాడు, మళ్ళీ తిప్పాడు. నూనె సలసల కాగుతున్నట్టే ఉంది, అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి. పొడిగా మెరిసే రాడ్డు అతని కౌగిట్లోంచి పైకి జారుతూ, జారేటప్పుడు నూనె పూసుకుని సిలిండర్‌లోకి పోతోంది. కీచుమనే చప్పుడు కాస్త తగ్గింది. ఊగుడు తగ్గింది.

"ఏం చేస్తున్నావ్?" అంది నెమలి.

"కారేదాన్నే పూస్తున్నా!"

"దేవుడా... పుయ్యి, ఆపకు! చుట్టూ సమంగా పుయ్యి!"

నిచ్చెన మీద బూట్ల చప్పుడైంది. కెమెరామ్యాన్ ప్లాట్‌ఫామ్ మీదకి వచ్చాడు. కెమెరా కింద వదిలేశాడు. వేళ్ళ మధ్య పెన్ను లాంటిది ఉంది, దాని కొనన సూది.

"వదిలెయ్, అన్నా," అన్నాడు అదే వచ్చీరాని భాషలో.

చేతులు వదిలితే గేటు పడుతుంది. వదలకపోతే సూది దిగుతుంది. పాదరసం ఎన్నో పోట్లాటల్లో ఎన్నో ఎత్తులు వేశాడు, ఒక్కటీ ఇప్పుడు పనికిరాదు. రాడ్డుకి మొహం ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చేతులు మాత్రం తిప్పడం ఆపలేదు.

కెమెరామ్యాన్ మెడ మీదకి గురిచూసి ఒక్క అంగ వేశాడు. పొద్దున్నే సబ్బుతో కడిగి, ఆరబెట్టి, అద్దంలా చేసిన ప్లాట్‌ఫామ్ రేకు అది. దాని మీద ఇప్పుడు గుడ్డలోంచి ఓడిన నూనె పారుతోంది. అతని తోలు బూటు సర్రున జారింది. పడుతూ గాల్లో పట్టుకోబోయాడు. రెయిలింగు మీదుగా తలకిందులై నీళ్ళలో పడ్డాడు. సూది అతని తొడలోనే దిగబడి ఉందని పోలీసులు బయటికి లాగాక తెలిసింది.

"పైనెవడ్రా ఆ రాడ్డు పట్టుకు వేలాడేది?" చెవిలో ఇంకో గొంతు, బాగా తెలిసిన గొంతు. నెమలి మైకు పక్కనే అక్క అరుస్తోంది.

"మీ తమ్ముడండీ," అంది నెమలి. "స్పీడు పెంచండి. ఆ గేటు మన కోసమే పట్టుకుని ఉన్నాడు."

అక్క, ఎవరితోనూ కాకుండా, "చిన్నోడా..." అంది. ఆ వెంటనే లాంచీ ఇంజన్ హోరెత్తింది. మర్యాదగా మెల్లగా రావలసిన లాంచీ దేశాధినేత టోపీ ఎగిరిపోయేంత వేగంతో ముందుకి దూకింది. గేటు పైకంటా చేరి దడేలున ఆగింది. చిరుగులోంచి నూనె ఇప్పుడు ధారగా కారుతోంది. పోయినంత నూనె మళ్ళీ నింపలేక పంపు మూలుగుతోంది. గేటు జానెడు కిందకి దిగింది. ఇంకో జానెడు దిగింది. లాంచీ వెనక జెండా గేటు అంచుకి రాసుకుని, చిరిగి, బయటపడింది.

ఆ తర్వాత గేటు ఒక్కసారిగా నీళ్ళలోకి కూలింది. లేచిన అల బ్యాండువాళ్ళని నిలువునా తడిపేసింది.

*

మధ్యాహ్నానికి సంతకాలు అయిపోయాయి. పాదరసం రేవు గట్టు మీద కూర్చుని ఉంటే నర్సు అతని రెండు చేతులకీ కట్లు కడుతోంది. పెద్దాయన ఫోన్ చేస్తే నెమలి అతని చెవి దగ్గర పట్టుకుంది. ఆవిడ పట్టు గౌను నిండా ఉప్పునీళ్ళు.

"అవతలి దేశాధినేత తెల్లకోటు మీద నూనె చుక్క పడిందట," అన్నాడు పెద్దాయన. "సంజాయిషీ ఇమ్మన్నారు."

"ఏం రాస్తారు సార్?"

"వాతావరణం అని రాస్తా. నీకు మాత్రం ఒక మాట. వినాల్సింది సగం విన్నావు, తుడవాల్సింది పూర్తిగా తుడిచావు. ఈసారి అటూ ఇటూ మార్చి చూడు." పెట్టేశాడు.

అక్క గట్టు మీద నుంచి నడుచుకుంటూ వచ్చింది. కొత్త యూనిఫాం నడుం దగ్గర పిగిలిపోయింది. వచ్చీ రాగానే తమ్ముడి నెత్తి మీద ఒక్కటి వేసింది. తర్వాత కట్లు కట్టిన అతని చేతులు రెండూ ఒళ్ళోకి తీసుకుని, అందరూ చూస్తున్నారని కూడా లేకుండా భోరున ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. ఫ్లోర్ పాలిష్ గురించి ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు.

అప్పుడే మేస్త్రీ రొప్పుతూ వచ్చాడు.

"నువ్వేనా! రాడ్డు తుడవమంటే దాని నిండా నూనె మరకలు చేసి పెట్టావు. టీవీలో ప్రపంచమంతా చూసింది. నా పరువు గంగలో కలిపావు. రేపటినుంచి నువ్వు పనికి రానక్కర్లేదు!"

పాదరసం నోరు తెరవబోయాడు. అక్క కళ్ళు తుడుచుకుని అతన్ని ఆపింది.

"పరవాలేదు లెండి," అంది మేస్త్రీతో. "మావాడికి ఇంకో ఉద్యోగం ఉందట. నాకూ ఇవాళే తెలిసింది."